పెరటిలోని పాత కొలను: కొత్తగా కొన్నవారు తెలుసుకోదగిన సంగతులు

నీరు ఎక్కడ నిలిచినా మనిషికి పని పెడుతుంది. చెరువుకు పూడిక తీయాలి, బావికి ఒర చూసుకోవాలి, కోనేటి మెట్లకు పట్టిన పాచి గోకాలి. మన పెద్దలు విడిచివచ్చిన ఊళ్ళలో ఈ పనులన్నిటికీ కాలాలూ వంతులూ ఉండేవి. ఇంటి పెరటిలోని ఈతకొలను కూడా ఈ లెక్కలోనిదే. బయటినుంచి చూసేవారికి అది విలాసంగా కనిపిస్తుంది. తాళంచెవులు చేతికి వచ్చిన వారం రోజులకే అది ఒక చిన్న చెరువని, దాని మంచిచెడ్డలు చూడవలసినవారు తామేనని ఇంటివారికి అర్థమవుతుంది.

మేము నేటాల్ నుంచి ఉపాధ్యాయవృత్తి మీద దుబాయి చేరి చాలా కాలమైంది. ఇటీవల ఒక పాత ఇల్లు కొన్నాము. ఇంటితోపాటు కొలను కూడా వచ్చింది. గల్ఫు దేశాలలో ఉద్యోగాలు చేస్తున్న మన పిల్లలలో కొందరు ఇటువంటి ఇళ్ళు కొంటున్నారు, మరికొందరు అద్దెకు తీసుకొంటున్నారు. వారికి పనికివస్తాయని మేము నేర్చుకొన్న సంగతులు ఇక్కడ వరుసగా వ్రాస్తున్నాము.

ఇరవై ఏళ్ళ కొలను

దుబాయిలో విదేశీయులు కొన్ని నిర్ణీత ప్రాంతాలలో ఇళ్ళు కొనుక్కోవడానికి 2002లో వీలు కలిగింది. 2006లో వచ్చిన 7వ నంబరు చట్టం ఆ కొనుగోళ్ళ రిజిస్ట్రేషనుకు ఒక క్రమం ఏర్పరచింది. ఆ తొలి సంవత్సరాలలో కట్టిన విల్లాలకు ఇప్పుడు ఇరవై ఏళ్ళు నిండాయి. మనిషికి ఇరవై ఏళ్ళంటే పడుచుదనం. కొలనుకు మాత్రం అది వయసు మళ్ళిన కాలమే. గోడల పూత పెచ్చులూడుతుంది. టైల్స్ మధ్య సందులు విచ్చుకొంటాయి. నీటి అంచున తెల్లని సున్నపు గీత కట్టి ఉంటుంది. పంపు మూలుగుతుంది. భూమిలో పాతిన గొట్టాల సంగతి పైకి కనబడదు.

కొనేముందే పంపును ఒక పూట నడిపించి చూడాలి. దీపాలు వెలిగించి చూడాలి. వడపోత యంత్రంలోని ఇసుకను ఎప్పుడు మార్చారో అడగాలి. సాధారణంగా అయిదారేళ్ళకు ఒకసారి ఆ ఇసుక మార్చాలి. చెప్పగలిగినవారు లేకపోతే మార్చలేదనే అనుకొని, ఆ ఖర్చు కూడా లెక్కలో వేసుకోవడం మంచిది.

మనకు కొలను కొత్త

మన పాఠకులకు ఈ మాట విడమరచి చెప్పనక్కరలేదు. 1860 నవంబరు 16న మద్రాసునుంచి వచ్చిన ట్రూరో అనే ఓడ దర్బను చేరినది మొదలు 1911 వరకు మన ముత్తాతలు గిర్మిట్ కూలీలుగా నేటాలుకు వచ్చారు. వారి సంతానమైన మాకు సముద్రం కూతవేటు దూరంలోనే ఉండేది. కాని 1953నాటి వేర్వేరు సౌకర్యాల చట్టం వల్ల తీరంలోనూ, ఈతకొలనులలోనూ జాతిని బట్టి హద్దులు ఏర్పడ్డాయి. దర్బను తీరం అందరికీ తెరచినది 1989లో. ఆ చట్టం రద్దయినది 1990లో. అప్పటికి మా చిన్నతనం గడచిపోయింది. మా ఈడువారిలో ఈత రానివారు ఎందరో ఉన్నారు. కొలను అంటే కంచె బయట నిలబడి చూసే వస్తువుగానే మాకు తెలుసు.

ఈ సంగతి ఇక్కడ చెప్పడానికి కారణం ఉన్నది. ఈత వచ్చిన ఇంట్లో నీటి మర్మం పిల్లలకు చిన్నప్పుడే అబ్బుతుంది. మనకు ఆ అలవాటు లేదు. అందువల్ల కొలను మనం పాఠంవలె మొదటినుంచి నేర్చుకోవాలి. అందులో సిగ్గుపడవలసినది ఏమీ లేదు. తెలుగు కూడా మనం అలాగే, సాయంకాలపు తరగతులలో కూర్చుని నేర్చుకొన్నాము గదా.

మొదటి పాఠం: నీటి లెక్క

కొలనులో ఎంత నీరు పడుతుందో తెలియకుండా మందు వేయడం, రోగి బరువు తెలియకుండా మోతాదు ఇవ్వడం వంటిది. మా కొలను పొడవు 8 మీటర్లు, వెడల్పు 4 మీటర్లు, లోతు సగటున ఒకటిన్నర మీటరు. మూడింటినీ గుణిస్తే 48 ఘనపు మీటర్లు, అంటే 48,000 లీటర్లు. ఈ అంకెను పంపుగది తలుపు మీద పెద్ద అక్షరాలతో వ్రాసుకోవాలి. తక్కిన లెక్కలన్నీ దీనిమీదనే నడుస్తాయి.

కొలనులోని నీరు ప్రయాణం చేస్తూ ఉండాలి. పంపు దానిని పీల్చి, ఇసుక తొట్టెలోనుంచి తోసి, తిరిగి కొలనులోకి పంపుతుంది. గంటకు 8,000 లీటర్లు తోసే పంపు ఆరు గంటలలో మా నీటినంతా ఒకసారి తిప్పుతుంది. చలికాలంలో ఇది చాలు. ఎండాకాలంలో నీరు 35 డిగ్రీలు దాటి వేడెక్కుతుంది, నాచు త్వరగా పెరుగుతుంది. అప్పుడు పంపును ఇంకా ఎక్కువసేపు నడపాలి.

ఇసుకలో మురికి పేరుకొన్నకొద్దీ తొట్టెపైనున్న ఒత్తిడి గడియారంలో ముల్లు పైకి పోతుంది. ఇసుక శుభ్రంగా ఉన్ననాటి అంకెను గుర్తు పెట్టుకొని, ముల్లు దానికంటె అర బారు పెరిగినప్పుడు నీటిని ఎదురు తిప్పి ఇసుకను కడగాలి. తుఫానుగాలి వీచి ధూళి పడిన మరునాడు ఈ పని తప్పదు. వాల్వు పిడిని తిప్పేముందు పంపు ఆపి తీరాలి. నడుస్తుండగా తిప్పితే లోపలి రబ్బరు చినిగి, నీరంతా మురుగు గొట్టంలోకి పోతుంది.

అడుగున పాకుతూ మట్టిని పీల్చే పరికరం ఒకటి కొనుక్కొంటే శ్రమ తగ్గుతుంది. ఈ జాతి పరికరాలలో పేరుపొందిన క్రీపీ క్రాలీని 1974లో ఫెర్డినాండ్ షోవియే అనే ఇంజనీరు మన దక్షిణాఫ్రికాలోనే రూపొందించారు. గోడలను మాత్రం వారానికి ఒకసారి బ్రష్షుతో చేతితోనే తోమాలి.

రెండవ పాఠం: అయిదు కొలతలు

నీరు తేటగా ఉంటే శుభ్రంగా ఉన్నట్లే అనుకోవడం సహజం. అది నిజం కాదు. రోగక్రిములు కంటికి కనబడవు. అందుచేత పరీక్షపెట్టె కొని ఈ అయిదింటిని కొలవాలి.

1. క్లోరిన్. ఇది క్రిములను చంపుతుంది. లీటరు నీటికి 1 నుంచి 3 మిల్లీగ్రాములు ఉండాలి. మా కొలనులో ఒక మిల్లీగ్రాము పెంచాలంటే 48 గ్రాముల క్లోరిన్ కావాలి. అంగడిలో దొరికే 65 శాతం పొడి అయితే సుమారు 75 గ్రాములు. ఎండ క్లోరినును కొద్ది గంటలలోనే హరిస్తుంది. కాబట్టి పొద్దుగూకిన తరువాత వేయాలి.

2. పీహెచ్. నీటి పులుపును, క్షారగుణాన్ని చెప్పే అంకె ఇది. 7.2కు 7.6కు మధ్య ఉంటే మేలు. మన కన్నీటి పీహెచ్ కూడా సుమారు 7.4 ఉంటుంది. అందుకే ఆ నీటిలో కళ్ళు మండవు. పీహెచ్ 8 దాటితే క్లోరిన్ ఉన్నా దాని బలం బాగా తగ్గుతుంది.

3. క్షారత. ఇది పీహెచ్ ఒడుదొడుకులు లేకుండా నిలబెడుతుంది. లీటరుకు 80 నుంచి 120 మిల్లీగ్రాములు. తక్కువైతే వంటసోడా వేస్తే సరిపోతుంది. మా కొలనులో 10 మిల్లీగ్రాములు పెంచడానికి సుమారు 800 గ్రాముల సోడా పడుతుంది.

4. కాల్షియం. 200 నుంచి 400 మిల్లీగ్రాములు ఉండాలి. కొరత పడితే నీరు తన ఆకలిని గోడ పూతలోని సున్నంతో తీర్చుకొంటుంది. పూత గరుకెక్కి అరుగుతుంది. మించితే టైల్స్ మీద తెల్లగా పేరుకొంటుంది.

5. సైనూరిక్ ఆమ్లం. ఇది క్లోరినుకు గొడుగువంటిది. ఎండ తగిలి ఆవిరైపోకుండా కాపాడుతుంది. 30 నుంచి 50 మిల్లీగ్రాములు చాలు.

గొడుగు ఎక్కువైతే వచ్చే చిక్కు

ఈ అయిదవ కొలతను చాలామంది వదిలివేస్తారు. పాత కొలనులలో అసలు జబ్బు ఇక్కడే ఉంటుంది. మా కొలను నీరు ఫిబ్రవరిలో అద్దంవలె ఉండేది. మే నెలలో గోడలు పచ్చబడ్డాయి. క్లోరిన్ కొలిస్తే 3 చూపుతున్నది, అయినా నాచు ఆగలేదు. అప్పుడు సైనూరిక్ ఆమ్లాన్ని కొలిచాము. పరీక్ష గొట్టంలో గీతలు 100 వరకే ఉన్నాయి, అది దాటిపోయింది. అందుచేత నమూనాకు సమానంగా మంచినీరు కలిపి మళ్ళీ కొలిస్తే 60 వచ్చింది. అంటే అసలు అంకె 120 అన్నమాట.

దీనికి కారణం తెల్లని గుండ్రటి క్లోరిన్ బిళ్ళలు. ట్రైక్లోర్ అనే ఆ బిళ్ళలలో క్లోరినుతోపాటు సైనూరిక్ ఆమ్లం కూడా ఉంటుంది. వాటినుంచి లీటరుకు 10 మిల్లీగ్రాముల క్లోరిన్ అందినప్పుడల్లా 6 మిల్లీగ్రాముల ఆమ్లం నీటిలో మిగులుతుంది. క్లోరిన్ ఖర్చయిపోతుంది, ఆమ్లం పోదు. నీరు ఆవిరైనా అది అడుగంటి ఉండిపోతుంది. ఏళ్ళ తరబడి బిళ్ళలే వాడితే గొడుగు కాస్తా మూతగా మారి, క్లోరినును పని చేయనివ్వదు. దీనిని విరిచే మందు వెతుక్కోవడంకంటె కొంత నీరు తీసి కొత్త నీరు పోయడమే నమ్మకమైన దారి.

మేము నాలుగోవంతు నీరు, అంటే 12,000 లీటర్లు తీసి నింపాము. 120 కాస్తా 90 అయింది. కొన్నాళ్ళు ఆగి మరొకసారి అలాగే చేశాము. 90లో నాలుగోవంతు పోగా సుమారు 68 మిగిలింది. అటుపైన బిళ్ళలు మాని పొడి మందు వాడుతున్నాము. వడపోతను కడిగినప్పుడు పోయే నీటితో ఆ అంకె నెమ్మదిగా దిగుతున్నది.

మొత్తం నీరు ఒకేసారి ఎందుకు తోడకూడదు?

ఒకేసారి ఖాళీచేస్తే పని తేలికగా ముగిసేది గదా అని కొందరు అడిగారు. పాత కొలను విషయంలో అది పెద్ద ప్రమాదం. తీరప్రాంతంలో అనేకచోట్ల భూగర్భజలం పైకే ఉంటుంది. లోపలి నీటి బరువే కొలనును నేలలో అదిమి ఉంచుతుంది. ఆ బరువు తీసివేస్తే కింది నీటి ఒత్తిడికి కాంక్రీటు తొట్టె ఖాళీ పడవవలె పైకి లేవవచ్చు, బీటలు వారవచ్చు. ఎండకు పూత కూడా పగులుతుంది.

2024 ఏప్రిల్ 16నాటి వాన ఇక్కడివారెవరూ మరువలేరు. అల్ ఐన్ ప్రాంతంలోని ఖత్మ్ అల్ షక్లాలో ఇరవైనాలుగు గంటలలోపు 254.8 మిల్లీమీటర్లు కురిసింది. 1949లో లెక్కలు వ్రాయడం మొదలైన తరువాత ఈ దేశంలో అంతటి వాన నమోదు కాలేదు. అటువంటి వాన వెలిసిన తరువాత బురదనీరు చూసి కొలనునంతా తోడివేయాలనిపిస్తుంది. నేల నీరు తాగి ఉన్న ఆ రోజులలోనే తోడకూడదు. తప్పనిసరిగా ఖాళీ చేయవలసివస్తే, భూగర్భజలం ఎంత లోతున ఉన్నదో చూడగల అనుభవజ్ఞుని పిలవాలి.

నీటి విలువ

దుబాయి వాడే నీటిలో అధికభాగం జెబెల్ ఆలీ దగ్గర సముద్రపు నీటినుంచి ఉప్పు తీసి తయారు చేసినది. ప్రతి బిందెడు నీటి వెనుక ఇంధనం ఖర్చు ఉన్నది. ఎండాకాలంలో రోజుకు ఒక సెంటీమీటరు నీరు తరిగినా, మా కొలనునుంచి 320 లీటర్లు గాలిలో కలుస్తుంది. శీతకాలంలో పైన దుప్పటి పరిస్తే తరుగు బాగా తగ్గుతుంది. వేసవిలో దుప్పటి నీటిని మరింత కాగబెడుతుంది కాబట్టి, అప్పుడు పైన గుడారపు గుడ్డ కట్టి నీడ చేయడం మంచిది.

తరుగు ఎండవల్లనా, చిల్లువల్లనా అని అనుమానం వస్తే ఒక బకెట్టు చాలు. దానిలో నీరు పోసి కొలను మెట్టుమీద నిలపాలి. బకెట్టు లోపలి నీటిమట్టానికి, బయటి కొలను మట్టానికి గీతలు గీయాలి. ఒక పగలు, ఒక రాత్రి గడచిన తరువాత రెండు తరుగులనూ పోల్చాలి. రెండూ సమానమైతే ఎండ తాగినది. కొలనులో ఎక్కువ తరిగితే ఎక్కడో కారుతున్నదన్నమాట.

ఈ దేశపు పాతవారికి నీటి మర్యాద బాగా తెలుసు. అల్ ఐన్ ఒయాసిస్సులలో ఫలజ్ అనే కాలువలు ఉన్నాయి. భూగర్భజలాన్ని ఖర్జూరపు తోటలకు తెచ్చి, వంతుల ప్రకారం పంచుతాయి. ఆ ఒయాసిస్సులను యునెస్కో 2011లో ప్రపంచవారసత్వ జాబితాలో చేర్చింది. ఫలజులను త్రవ్వి, పూడిక తీసి, నీరు పంచే విద్యను 2020లో గుర్తించింది. మన పల్లెల చెరువు వంతులు విన్నవారికి ఇది పరాయి సంగతిగా తోచదు.

ప్రాణాలకు సంబంధించిన జాగ్రత్తలు

మందుల గదిలో మూడు నియమాలు గోడమీద వ్రాసి ఉంచాలి. ఆమ్లాన్నే నీటిలో పోయాలి, నీటిని ఆమ్లంలో ఎన్నడూ పోయకూడదు. ట్రైక్లోర్ బిళ్ళలను, క్లోరిన్ పొడిని ఒకే డబ్బాలో కలిపితే మంట పుట్టవచ్చు, పేలవచ్చు. ఆమ్లం, క్లోరిన్ కలిస్తే విషవాయువు వస్తుంది. కాబట్టి వేటి చెంచా వాటికే ఉండాలి.

నీటిలోని దీపాలు 12 వోల్టులవి అయి ఉండాలి. 30 మిల్లీఆంపియర్ల లీకుకే విద్యుత్తును ఆపే రక్షణ మీట ఉండాలి. పాత ఇళ్ళలో ఈ రెంటినీ ఎలక్ట్రీషియనుచేత తప్పక చూపించుకోవాలి.

అడుగున నీరు పీల్చే రంధ్రం మూతను కూడా చూడాలి. పగిలినా, ఊడినా పంపు లాగే శక్తికి పిల్లలు అంటుకొనిపోతారు. 2002లో అమెరికాలో గ్రేమ్ బేకర్ అనే ఏడేళ్ళ బాలిక ఇలాగే మరణించింది. ఆ తరువాత 2007లో ఆమె పేరు మీదనే ఆ దేశంలో చట్టం వచ్చింది. మూత చెడితే కొత్తది బిగించేవరకు పంపు నడపరాదు.

అన్నిటికంటె ముఖ్యమైనది కంచె. ప్రపంచ ఆరోగ్యసంస్థ లెక్క ప్రకారం 2021లో సుమారు మూడు లక్షలమంది నీట మునిగి మరణించారు. వారిలో దాదాపు నాలుగోవంతు అయిదేళ్ళలోపు పిల్లలు. మునిగే బిడ్డ సాధారణంగా కేకవేయదు, చడీచప్పుడు లేకుండా జారిపోతుంది. కొలనుకు నాలుగువైపులా, ఇంటివైపు కూడా, నడుము దాటిన ఎత్తున కంచె ఉండాలి. తలుపు తనంతట తానే మూసుకొని గడియ పడాలి. ఒకప్పుడు మనలను నీటికి దూరం చేసిన కంచె వేరు. ఈ కంచె పిల్లల ప్రాణానికి కాపలా. దీని లోపలికి పిల్లలను పెద్దల వెంట పంపి ఈత నేర్పించాలి. పెద్దలూ నేర్చుకోవాలి. మా ఇంట్లో మూడేళ్ళ మనుమరాలికీ, మాకూ ఒకే ఏడు ఈతపాఠాలు మొదలైనాయి.

పనిచేసే మనిషి

మాకు ఈ విద్యలో సగం నేర్పినవారు వారానికి రెండుసార్లు కొలను కడగడానికి వచ్చే మనిషి. జగిత్యాల వైపు పల్లె. పుస్తకాలలో మేము 'నాచు' అని చదువుకొన్నాము, మా నాయనమ్మ 'పాచి' అనేది, ఆయన 'పాకురు' అంటారు. తెలంగాణ పల్లెలలో బతుకుతెరువుకు మూడు దారులని చెప్పుకొంటారట: బొంబాయి, బొగ్గుబాయి, దుబాయి. ఆయన మొదటిరోజునే మాతో అన్న మాట ఇది: "నీళ్ళు తెల్లగున్నయని సాఫున్నట్టు గాదు సార్. ముందుగాల కొలిచి సూడుండ్రి."

మన ముత్తాతలు ఒప్పందం మీద ఓడ ఎక్కారు. ఈయన ఒప్పందం మీద విమానం ఎక్కారు. కాలం మారింది, చట్టాలూ మారాయి. 2022లో అమలులోకి వచ్చిన ఇక్కడి కార్మికచట్టం ప్రకారం పనివారి పాస్‌పోర్టు యజమాని ఉంచుకోరాదు. జూన్ 15నుంచి సెప్టెంబరు 15వరకు మధ్యాహ్నం 12:30నుంచి 3 గంటలవరకు ఎండలో పని చేయించరాదు. చట్టం చెప్పినది కనీసపు మర్యాద మాత్రమే. తెల్లవారుజామున రమ్మనడం, నీడపట్టున చల్లని నీరు ఇవ్వడం, మందు పోసేటప్పుడు చేతితొడుగులు, కళ్ళద్దాలు ఉన్నాయో లేదో చూడడం మన వంతు. కూలివాని బిడ్డలమైన మనకు ఇది ఒకరు చెప్పవలసిన మాట కాదు.

వారపు పట్టిక

రోజూ: కంచె తలుపు గడియ, నీటిమట్టం, పంపు శబ్దం, ఆకులబుట్ట.

వారానికి రెండుసార్లు: క్లోరిన్, పీహెచ్ కొలత, వలతో చెత్త తీయడం.

వారానికి ఒకసారి: గోడలు తోమడం, ఒత్తిడి గడియారం చూడడం, అడుగు మూత పరీక్ష.

నెలకు ఒకసారి: క్షారత, కాల్షియం, సైనూరిక్ ఆమ్లం, విద్యుత్ రక్షణ మీటను నొక్కి చూడడం.

ఈ కొలతలన్నిటినీ ఒక నోటుపుస్తకంలో తేదీవారీగా వ్రాసుకోవాలి. మూడు నెలలు వ్రాస్తే మీ కొలను స్వభావం మీకే తెలుస్తుంది. ఏ నెలలో క్లోరిన్ త్వరగా కరుగుతుందో, ఏ గాలి తరువాత ఇసుక కడగాలో ఆ పుస్తకమే చెబుతుంది. ఇల్లు అమ్మే రోజు వస్తే, తాళంచెవులతోపాటు దానిని కూడా కొనేవారి చేతికి ఇవ్వండి.